చెట్టెక్కే మనిషి కూలి: కొమ్మ కత్తిరింపులకు ముందే తేల్చుకోండి

మామిడి కోతలు ముగింపుకొచ్చాయి. జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మార్కెట్‌కు ఆఖరు కాయ వెళ్లిపోయాక కోరుట్ల, సిరిసిల్ల వైపు తోటల్లో మొదలుకావాల్సిన పని కొమ్మల కత్తిరింపు. జూన్, జూలైల్లో ఇది చేయించకపోతే వచ్చే పూతకు చెట్టు సిద్ధం కాదు. ఏ కొమ్మ తీయాలి, కోసిన చోట ఏ పేస్టు పూయాలి అని ఏటా చెబుతూనే ఉన్నాం. ఆ కొమ్మ మీదికెక్కి రంపం పట్టే మనిషికి ఎంత ఇవ్వాలన్న మాట మాత్రం సలహాల్లో రాదు. అందుకే ఈసారి ముందు కూలి సంగతి, తర్వాతే కత్తిరింపు.

కైకిలి రేటు ఊరూరికీ, వారం వారం మారుతుంది. నాట్లు మొదలైతే ఒక తీరు, ఖాళీ రోజుల్లో ఇంకో తీరు. కాబట్టి ఇంతే ఇవ్వండని అంకె రాయడం కన్నా లెక్క కట్టే పద్ధతి చెప్పడం మేలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అది నేల మీద మట్టి పనికి పెట్టిన రేటు. ఇరవై అడుగుల ఎత్తున ఒక చేత్తో కొమ్మను, ఇంకో చేత్తో రంపాన్ని పట్టుకున్న మనిషితో బేరమాడేటప్పుడు దాన్ని చూపించకూడదు. మీ ఊళ్లో ఆ వారం కింది పనికి నడుస్తున్న కూలి ఎంతో అడిగి తెలుసుకోండి. చెట్టెక్కే వారికి దానికి ఒకటిన్నర రెట్లు కట్టండి. కింద 600 నడుస్తుంటే పైన 900. నా లెక్కలో ఇది ఎక్కువేమీ కాదు. చెట్టెక్కే పని ఏడాదిలో కొద్ది వారాలే ఉంటుంది, మోకాళ్లు సహకరించినంత వయసు వరకే ఉంటుంది. కోసేటప్పుడు సొన పడి చర్మం పొక్కుతుంది, కొమ్మల్లో ఎర్రచీమలు పీకుతాయి. పైగా నేర్చిన చేయి కోసిన కొమ్మకు, నేర్వని చేయి విరిచిన కొమ్మకు తేడా ఏంటో చెట్టే రెండేళ్ల తర్వాత చూపిస్తుంది.

కింద తాడు పట్టుకునే మనిషిని మామూలు కూలీగా చూడకండి. కోసిన కొమ్మ ఎటు పడాలో చూసేది, పైవాడి కాలు జారితే మొదట కదిలేది ఆయనే. కింది రేటు మీద కొంత కలిపి ఇవ్వడం న్యాయం. కొమ్మలు ఏరి గెట్టు మీదికి చేర్చే ఆడవాళ్లకు, అదే పని చేసే మగవాళ్లకు కూలి ఒక్కటే ఉండాలి. 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది ఇదే. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ చెబుతున్నదీ ఇదే. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న ఈ కోడ్ ప్రకారం రోజు కూలిని ఆ రోజు పని దిగగానే ఇవ్వాలి. చల్‌గల్‌లో వ్యాపారి మీకింకా పైసలు ఇవ్వలేదన్నది మీకూ ఆయనకూ మధ్య ఉన్న లెక్క. సాయంత్రం చెట్టు దిగినవారికి దానితో సంబంధం లేదు.

మాట్లాడుకునేటప్పుడు చిన్నవిగా కనిపించి పొద్దుగూకాక తగాదా తెచ్చేవి కొన్ని ఉన్నాయి. ఆటో కిరాయి ఎవరిది? పెట్రోలు రంపం ఎవరు తెస్తారు, పెట్రోలు ఎవరు పోయిస్తారు? రంపం వాళ్లదైతే దాని అద్దె కూలిలో కలపకుండా వేరుగా కట్టండి. మధ్యాహ్నం వాన పడి పని ఆగితే సగం రోజు కూలికి తగ్గకుండా ఇస్తామని పొద్దున్నే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే, కూలి పోతుందన్న భయంతో తడిసిన బెరడు మీదే ఎక్కుతారు. తడి మామిడి బెరడు మీద కాలు నిలవదు.

“చెట్టుకింత అని మాట్లాడుకుందాం కాకా, తొందరగా అయిపోతది” అని ముఠా పెద్ద అంటే సరేననకండి. గుత్త పని మన ప్రాంతానికి కొత్త కాదు. సిరిసిల్ల మగ్గాల మీద ఎంత నేస్తే అంత కూలి. కానీ మగ్గం దగ్గర తొందరపడితే పోగు తెగుతుంది, చెట్టు మీద తొందరపడితే మనిషి పడతాడు. చెట్టు లెక్కన కడితే నడుముకు తాడు కట్టుకునే రెండు నిమిషాలూ నష్టంగా కనిపిస్తాయి. కొమ్మను కింది నుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాల్సింది పోయి, ఒకే వేటున పైనుంచి దించేస్తారు. బెరడు జానెడు చీలి మొదలు దాకా పోతుంది. ఆ గాయంలోంచే తెగులు చేరుతుంది. రోజు లెక్కనే కట్టండి, పొద్దున చల్లటి పూట మొదలుపెట్టించండి, పై పనిని ఆరు గంటలకు మించనివ్వకండి.

ఇక అందరం మాట్లాడడానికి వెనకాడే సంగతి. మనిషి పడితే ఎవరిది బాధ్యత? తాటిచెట్లు గీసేవారిని, చెట్లు నరికేవారిని 1923 నాటి నష్టపరిహార చట్టమే పేరు పెట్టి తన జాబితాలో చేర్చింది. చనిపోతే నెల కూలిలో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చవేయాలి. నలభై ఏళ్ల మనిషికి ఆ అంకె 184.17. నెల కూలిని 2020లో పెట్టిన పరిమితి 15,000 రూపాయలుగా తీసుకుంటే పరిహారం 13 లక్షల 80 వేలు దాటుతుంది. కొమ్మలు కొట్టించాం గానీ చెట్టు నరికించలేదు అన్న వాదన మిమ్మల్ని కాపాడుతుందని లెక్కేసుకోవద్దు. తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకిచ్చిన రైతులు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కోత కూలీలను పెట్టేది ఆ వ్యాపారే కాబట్టి వాళ్ల కూలి, ప్రమాద బాధ్యత ఆయనవేనని గుత్త కాగితంలో రాయించుకోండి. అలా రాయించుకున్నా, మీ తోటలో మనిషి తాడు లేకుండా ఎక్కుతుంటే ఆపాల్సింది మీరే.

గీత కార్మికులకు మోకు, ముస్తాదు తరాలుగా ఉన్నాయి. 2024 జూలై 14న లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి మొదలుపెట్టిన కాటమయ్య రక్షక కవచం కిట్లు వాటికి తోడయ్యాయి. మామిడి చెట్టెక్కేవారికి ఇలాంటివేవీ లేవు. ఊళ్లో నలుగురైదుగురు తోట రైతులు కలిసి నడుము బెల్టు, గట్టి తాడు, హెల్మెట్ ఉన్న సెట్లు రెండు కొని వంతుల వారీగా వాడుకోండి. తోట మీదుగా కరెంటు తీగ పోతుంటే లైన్‌మెన్‌తో ఎల్‌సీ తీయించి, అంటే కరెంటు ఆపించాకే మనిషిని ఎక్కించండి. పచ్చి కొమ్మ తీగకు తగిలితే కరెంటు మనిషి దాకా వస్తుంది.

ఈ నేల మీద కూలి మాటకు బరువుంది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు రైతుకూలీలు వేలాదిగా కదిలొచ్చారు. వెట్టి పోవాలి, జీతగాళ్ల జీతం పెరగాలి, కూలి రేట్లు పెరగాలి అని అడిగారు. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆనాడు ఆ యాత్రలో నడిచిన కుటుంబాల్లో చాలామంది ఇవాళ రెండు మూడెకరాల రైతులు. వాళ్ల పిల్లలు దుబాయిలో, మస్కట్‌లో కూలి రేటు కోసం, ఆగిపోయిన జీతం కోసం ఎదురుచూస్తున్నారు. కూలి ఆగితే ఇల్లు ఎట్లా ఉంటుందో వీళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కత్తిరింపు విషయానికొస్తే, ఎండు కొమ్మలు, తెగులు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి తీయించండి. మధ్యాహ్నం చెట్టు కింద నిలబడితే నేల మీద ఎండ మచ్చలు మచ్చలుగా కనిపించాలి. కోసిన చోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టును అదే రోజు పూయించండి. ముదురు చెట్ల ఎత్తును ఒక్కసారే దించకండి. నడిమి నిటారు కొమ్మలను ఏడాదికి ఒకటి రెండు చొప్పున తీయిస్తూ పోతే, మూడు నాలుగేళ్లకు ఎక్కువ కాయ నేల మీద నుంచే చిక్కంతో అందుతుంది. ఈ ఏడు చెట్టెక్కే మనిషికి మీరు ఇచ్చే ఒకటిన్నర రెట్ల కూలి అప్పుడు కోత ఖర్చులో తిరిగొస్తుంది. కొత్తగా మొక్కలు పెట్టేవారు ఎకరాకు 40 మొక్కల పాత పద్ధతికి బదులు 5 మీటర్ల దూరంలో 160 పెట్టి, మొదటి నుంచే ఎత్తు కత్తిరిస్తూ పెంచితే చెట్టెక్కే అవసరమే చాలావరకు తప్పుతుంది.

మరొక్క పని, ఈ వారంలోనే చేయాల్సింది. రైతుబీమా కింద పట్టాదారు కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. భూమి లేని కూలీకి అది వర్తించదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వారికి, బ్యాంకులో లేదా పోస్టాఫీసులో ఖాతా ఉంటే చాలు. దీని ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. మీ తోటలో ఎక్కే నలుగురికీ 80 రూపాయలు మీరే పెట్టుకుని, ఖాతా పుస్తకాలతో వాళ్లను బ్యాంకుకు తీసుకెళ్లండి. ఖాతాలో పైసలు లేక ఈ బీమా ఆగిపోయిందేమో కూడా అక్కడే అడగండి, చాలామందిది అట్లాగే ఆగుతుంది. రంపం ఆ తర్వాత తీయవచ్చు.