టవర్లు లేని జాలంలో నమ్మకం

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినది. విద్యుత్తు పోయినది, దానితోపాటు సెల్‌ఫోన్ సేవలూ స్తంభించినవి. విశాఖలో తల్లిదండ్రులున్న సింగపూరు తెలుగువారు అనేకులకు ఆ రోజులలో ఇంటి క్షేమసమాచారం తెలుసుకొను మార్గం లేకపోయినది. విచిత్రమేమనగా, నగరంలో లక్షలాది ఫోన్లు చెక్కుచెదరక జనం జేబులలోనే ఉన్నవి. ప్రతి ఫోనులోను ఒక చిన్న రేడియో ప్రసారిణి, ఒక గ్రాహకం ఉంటవి. టవరు లేనప్పుడు ఈ ఫోన్లే ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకొని ముందుకు పంపుకొనరాదా అన్న ప్రశ్న సహజంగా పుట్టును.

అట్టి ఏర్పాటు పేరే మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కు. స్థిరమైన కేంద్రం లేక, అప్పటికప్పుడు కూడి అప్పటికప్పుడు విడిపోవు జాలమిది. ఇందులోని ఒక్కొక్క పరికరాన్ని నోడు అందురు. ఇది కొత్త ఆలోచన కాదు. యుద్ధభూమిలో కదిలే వాహనాల కొరకు అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 1970ల లోనే ప్యాకెట్ రేడియో పేరిట ఈ ప్రయోగాలు జరిపినది. దారి వెదకు పద్ధతులలో ఏఓడీవీ 2003లోను, డీఎస్ఆర్ 2007లోను ప్రయోగాత్మక పత్రాలుగా వెలువడినవి. ఈ విషయంపై విద్యార్థులు ఎక్కువగా చదివిన పుస్తకాలలో ఒకటి మద్రాసు ఐఐటీ ఆచార్యులు సి. శివరామమూర్తి గారు బి.ఎస్. మనోజ్‌తో కలిసి 2004లో వెలువరించినది.

సైన్యంలో నోడ్లన్నీ ఒకే యజమానివి. ఆజ్ఞ ఒకటే, ప్రయోజనం ఒకటే. మన జేబులలోని ఫోన్ల సంగతి అట్లు కాదు. టాంపినీస్‌లో ఒక హెచ్‌డీబీ భవనం నుంచి సుమారు 600 మీటర్ల దూరంలోని ఎంఆర్‌టీ స్టేషనుకు ఒక సందేశం పోవలెననుకొందము. ఫోను రేడియో గోడల నడుమ 50 మీటర్లు అందునని లెక్కకు తీసుకొన్నచో 12 గంతులు, అనగా నడుమ 11 మంది అపరిచితుల ఫోన్లు కావలెను. పరుల సందేశం మోసినందువలన నా బ్యాటరీ తరుగును తప్ప నాకు వచ్చు లాభమేమి? రాజుగారు ఊరివారందరినీ తలా ఒక చెంబెడు పాలు గంగాళంలో పోయుమన్నప్పుడు, అందరూ పాలే పోయుదురు గదా, నా చెంబెడు నీరు ఎవరికి తెలియునని ప్రతివాడూ నీరే పోసిన కథ మన ఇళ్లలో పిల్లలకు చెప్పునదే. అడ్‌హాక్ జాలానికి మొదటి జబ్బు ఇదే. శాస్త్రజ్ఞులు ఇట్టి నోడును స్వార్థపర నోడు అన్నారు.

ఈ జబ్బు తీవ్రతను చిన్న గుణకారం చూపును. ప్రతి మధ్యవర్తి నూటికి తొంబది సందేశాలు మాత్రమే ముందుకు పంపునని అనుకొందము. పదకొండు చేతులు దాటిన పిమ్మట గమ్యం చేరునవి నూటికి 31 మాత్రమే. తొంబదియైదు పంపినను చేరునవి 57. మనిషికి మనిషిని చూచినచో అందరూ యోగ్యులే, జాలం మాత్రం పనికిరానిది.

స్వార్థపరుని కంటె దుర్మార్గుడు వేరు. ఏఓడీవీ పద్ధతిలో, ఫలానా చోటికి దారి ఎవరికి తెలియునని ఒక నోడు కేకవేయును. తెలిసినవారు జవాబిత్తురు. ప్రతి జవాబుకు ఒక వరుససంఖ్య ఉండును. పెద్ద సంఖ్య గల దారి తాజాదారి అని అర్థం. దుర్మార్గపు నోడు ఏ దారీ తెలియకనే మిక్కిలి పెద్ద సంఖ్యతో, అందరికంటె ముందుగా జవాబిచ్చును. పరిసరాల సందేశాలన్నీ దానివైపు పారును, అక్కడే మాయమగును. దీనికి కృష్ణబిలపు దాడి అని పేరు. ఇక్కడ అబద్ధమాడుటకు గొప్ప తెలివి అక్కరలేదు, ఒక పెద్ద అంకె చాలును.

2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్జియో మార్టి, గియూలి, కెవిన్ లై, మేరీ బేకర్‌లు ఒక ఉపాయం ప్రకటించిరి. రేడియోలో మాట్లాడునది చుట్టుపక్కల అందరికీ వినబడును గదా. కావున నేను నా సందేశాన్ని పక్కవానికి ఇచ్చిన పిమ్మట, అతడు దానిని తరువాతివానికి పంపుచున్నాడా లేదా అని చెవియొగ్గి వినవచ్చును. దీనికి కాపలాకుక్క అని పేరు పెట్టిరి. అది చెప్పినదానిని బట్టి దారులకు మార్కులు వేయు రెండవ భాగం పాత్‌రేటరు. నోడ్లలో నూటికి 40 చెడ్డవైనను, మితమైన కదలిక ఉన్నప్పుడు అందు సందేశాల పరిమాణం 17 శాతం పెరిగినదని వారి కంప్యూటరు ప్రయోగాలలో తేలినది. దానికి మూల్యంగా అదనపు ప్రసారాల భారం 9 నుంచి 17 శాతానికి పెరిగినది.

ఈ కాపలాకుక్క లోపాలను ఆ పరిశోధకులే వరుసగా వ్రాసియుంచుట మెచ్చదగిన విషయం. పక్కవాడు పంపు క్షణంలోనే మరొక ఫోను మాట్లాడినచో నాకు ఏమీ వినబడదు, నిర్దోషి దోషియగును. లేదా అతడు రేడియో శక్తిని తగ్గించి, నాకు వినబడునంతగా, అవతలివానికి అందనంతగా మాత్రమే పలుకవచ్చును. అప్పుడు దోషి నిర్దోషియగును. ఇద్దరు కూడబలుక్కొన్నచో ఒకరి తప్పును మరొకరు కప్పుదురు. ఈ పద్ధతిలో నాకు నచ్చని మరొక వింత కూడా కలదు. చెడ్డ నోడును దారిలోనుంచి తప్పించుటతోనే ఇది సరిపెట్టుకొనును. పరుల బరువు మోయనివానికి బరువే తప్పినది, వాని సందేశాలను మాత్రం అందరూ యథాప్రకారం మోయుచునే ఉందురు. శిక్ష కావలసినది బహుమానమైనది.

2002లో బుషెగ్గర్, లెబూడెక్‌లు ప్రతిపాదించిన కాన్ఫిడెంట్ అను పద్ధతి ఈ వింతను సవరించినది. చెడ్డదని తేలిన నోడు సందేశాలను ఇతరులు మోయరు. ఇందుకు ప్రతి నోడు తన పొరుగువారి పరపతిని లెక్క వ్రాసికొనవలెను. లెక్క కష్టమైనది కాదు. మంచి పనులకు ఒకటి, మొత్తానికి రెండు కలిపి భాగించవలెను. కొత్తగా వచ్చినవానికి ఒకటిలో రెండవవంతు, అనగా 0.5. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా పంపినవానికి 9ని 12తో భాగించగా 0.75. పాత సంఖ్యలను కాలక్రమాన కొంచెం కొంచెంగా తగ్గించుచు పోవుటచేత, నిన్నటి మంచివాడు నేడు చెడిపోయినచో త్వరలో బయటపడును.

అయితే ఒకరు మరొకరిని గూర్చి చెప్పు మాటలను ఏమి చేయవలెను? చాడీలు పుట్టునది ఇక్కడే. మంచి నోడును గూర్చి పదిమంది దుర్మార్గులు చెడుగా చెప్పినచో అది వెలివేయబడును. 2002లోనే వెలువడిన మికియార్డి, మోల్వాల కోర్ పద్ధతి చెడ్డమాటను వ్యాపింపనీయదు, మంచిమాటనే అనుమతించును. దానితో చాడీ పోయినది గాని పరస్పర స్తుతి మిగిలినది. తరువాత వచ్చిన సవరణ నాకు సమంజసంగా తోచుచున్నది: వినిన మాట నా సొంత లెక్కకు బహుదూరంగా ఉన్నచో దానిని త్రోసిపుచ్చవలెను. నా లెక్క 0.75 ఉండగా, అదే నోడు పదిసార్లలో ఒక్కసారియైనను పంపలేదని ఎవడైన చెప్పినచో అతని లెక్క 1ని 12తో భాగించగా 0.08. ఇంత అంతరమున్న సాక్ష్యం చెల్లదు, పైగా సాక్షి పరపతియే తగ్గును.

పరుల సందేశం మోసినవానికి నాణెం, తన సందేశం పంపుకొనువాడు చెల్లింపు అను పద్ధతులు కూడా వచ్చినవి. జాలం అంచున ఉన్నవాని గుండా ఎవరి దారీ పోదు గనుక అతడు ఎన్నటికీ సంపాదించలేడు. ఈ లోపం చాలు, వాటిని గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

పరపతి లెక్కకు లొంగని మోసం ఒకటున్నది. టాంపినీస్‌లో ఒకడు, జురాంగ్‌లో ఒకడు ఇంటర్నెట్టుతో కలుపబడి, ఇక్కడ వినినది అక్కడ అక్షరం మార్చక పలికినచో, ద్వీపానికి రెండు కొసల నున్న ఫోన్లు తాము పక్కపక్కనే ఉన్నామని భ్రమించును. ఇది సొరంగపు దాడి. ఇందులో ఎవడూ అబద్ధమాడలేదు, సందేశం దొంగిలింపబడలేదు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లే పోగలదు గనుక, సందేశంపై బయలుదేరిన కాలాన్ని ముద్రించి దూరాన్ని అరికట్టవచ్చునని హు, పెరిగ్, జాన్సన్‌లు 2003లో చూపిరి. గడియారాలు అంత కచ్చితంగా కలియుటయే కష్టం.

ఇట్టి ప్రశ్నలు సింగపూరు ప్రజల నిత్యజీవితంలోనికి వచ్చినది 2020 మార్చి 20న, ట్రేస్‌టుగెదర్ ఆరంభంతో. ఇది సందేశాలను మోయు జాలం కాదు, ఒక్క గంతు జాలం. పక్కపక్కన ఉన్న రెండు ఫోన్లు బ్లూటూత్ ద్వారా తాత్కాలిక గుర్తింపులను మార్చుకొని, తమ వద్దనే 25 రోజులు దాచుకొనెడివి. గుర్తింపు గూఢలిపిలో ఉండును, దానిని విప్పు తాళంచెవి ఆరోగ్యశాఖది. దాని ఆయువు 15 నిమిషాలు. టాంపినీస్ ఎంఆర్‌టీ వద్ద పట్టిన గుర్తింపును రైలులో జురాంగ్‌కు మోసికొనిపోయి పలికించుటకు ఆ వ్యవధి చాలదు. ఇంటర్నెట్టు సొరంగానికి మాత్రం చాలును. మరొక చిక్కు: తెర ఆరిన ఐఫోన్లలో ఈ కార్యక్రమం సరిగా పనిచేయలేదు. ఇతరులకు అవి మౌనంగా ఉన్న నోడ్లు, యజమాని ఏ తప్పూ ఎరుగడు. 2020 సెప్టెంబరు నుంచి చేతికందిన చిన్న టోకెన్లు కొంతవరకు దీనికి జవాబు. 2021 మే నుంచి వాణిజ్య సముదాయాల ప్రవేశానికి ఫోనో టోకెనో తప్పనిసరియైనది.

ఇక్కడ నోడు నోడును అనుమానించవలసిన అవసరం స్వల్పమే, తాళంచెవి కేంద్రం చేతిలో ఉన్నది గనుక. పరిశోధనా పత్రాలలో నేను ఎక్కువగా చూడని ప్రశ్న అప్పుడు ఎదురైనది. ఈ సమాచారం రోగవ్యాప్తిని కనిపెట్టుటకే అని ప్రజలకు చెప్పియుండిరి. 2021 జనవరి 4న, నేర విచారణ స్మృతి క్రింద పోలీసులు కూడా దానిని పొందవచ్చునని పార్లమెంటులో వెల్లడియైనది. ముందు మాట ఇచ్చినప్పుడు ఆ స్మృతి సంగతి తనకు తోచలేదని మంత్రి వివియన్ బాలకృష్ణన్ మరునాడు సభలో అంగీకరించిరి. అప్పటికి జనాభాలో మూడు వంతులకు పైగా ఈ ఏర్పాటులో చేరియున్నారు. వారిలో ఎవరి ఫోనూ అనుచితంగా ప్రవర్తించలేదు, గూఢలిపిని ఎవరూ ఛేదించలేదు. కాపలాకుక్క వినవలసిన ధ్వని రేడియోలో లేనే లేదు. ఫిబ్రవరి 2న పార్లమెంటు అత్యవసరంగా చట్టం చేసి, ఆ సమాచార వినియోగాన్ని ఏడు రకాల తీవ్రనేరాలకు పరిమితం చేసినది. 2023 ఫిబ్రవరిలో సేవ నిలిచిపోయినది, టోకెన్లను కమ్యూనిటీ క్లబ్బుల వద్ద తిరిగి పుచ్చుకొనిరి.