టెక్కెన్ 8: ఓడిన తర్వాత ఏం చేస్తున్నారు?



మీ ఇంట్లో పిల్లలు టెక్కెన్ 8 ఆడుతున్నారా? జపాన్‌కు చెందిన బందాయ్ నామ్కో 2024 జనవరిలో విడుదల చేసిన ఫైటింగ్ గేమ్ ఇది. అమెరికా రేటింగ్ ప్రకారం 13 ఏళ్లు, యూరప్‌లో 16 ఏళ్లు నిండినవారికే. రౌండ్‌కు 60 సెకన్లు. ముందుగా మూడు రౌండ్లు గెలిచినవారిదే మ్యాచ్.

మేలు: ఓటమికి కారణం కళ్లముందే ఉంటుంది. రీప్లే చూస్తే ఏ దెబ్బను ఎలా కాచుకోవచ్చో గేమే సూచిస్తుంది. అక్కడి నుంచే మళ్లీ ఆడి చూసుకోవచ్చు. దిద్దిన జవాబు పత్రాన్ని మళ్లీ చూసుకోవడం లాంటిదే.

చిరాకు: ‘హీట్’ పద్ధతి దాడి చేసేవారికే మొగ్గు చూపుతుంది. కాచుకోవడం ఇంకా రాని కొత్తవారు త్వరగా విసిగిపోతారు. ఓడగానే ‘రీమ్యాచ్’ పిలుస్తుంది. కోపంలో నొక్కితే అదే తప్పు మళ్లీ. అదనపు పాత్రలకు, కొన్ని దుస్తులకు విడిగా డబ్బు కట్టాలి.

ఇంట్లో ఇలా చేయండి:
• ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపడం కుదరదు. అందుకే ‘అరగంట’ అనే బదులు ‘ఐదు మ్యాచ్‌లు’ అని చెప్పండి.
• ఓడితే, రీప్లే చూశాకే తర్వాతి మ్యాచ్.
• కార్డు వివరాలు సేవ్ చేయకండి.
• ‘గెలిచావా?’ అనే ముందు ‘ఎక్కడ దెబ్బ తిన్నావు?’ అని అడగండి.

లెక్కల పేపరు ఇంటికి వచ్చిన రోజు కూడా మార్కుల కంటే ముందు అదే ప్రశ్న అడిగి చూడండి. ఈసారి దాచకుండా చూపిస్తారు.