గడ్డిమందు కొట్టే ముందు నీరుగొబ్బిని చూడండి

ఏలేరు ఆయకట్టులో ఊడ్పులు అయ్యాయంటే పిఠాపురం, గొల్లప్రోలు రైతుల ధ్యాసంతా చేను మీదే. గట్టును గడ్డిమందుకి వదిలేస్తారు. ఈ శ్రావణంలో స్ప్రేయరు భుజానికెత్తే ముందు బోదె ఒడ్డు ఒకసారి చూడండి. కూరకు పనికొచ్చే నీరుగొబ్బి మొక్క లేతగా దొరికే అదను ఇదే.

కాండం నాలుగు పలకలుగా, నూగుతో గరుగ్గా ఉంటుంది. కణుపు కణుపుకీ కోల ఆకులు చుట్టూ గుత్తిగా వస్తాయి. ఆ గుత్తి మొదట్లోనే పసుపుపచ్చని ముళ్లు. వానలు తగ్గుముఖం పట్టాక అక్కడే నీలిపూలు విరుస్తాయి. తడి ఆరని ఒండ్రు, బరువు నేల, మంచి ఎండ ఉంటే ఇక దానికి ఎరువు అక్కర్లేదు. ముళ్లకు జడిసి పశువులు మూతి పెట్టవు. అందుకే చేలోకి వస్తే గింజ పట్టకముందే వేళ్లతో సహా పీకేయాలి, గట్టున మాత్రం కాస్త ఉంచుకోవచ్చు.

పూత రాకముందే చిగుళ్లు కోయాలి. ముళ్లు తీసేసి, ఉడకబెట్టి, నీళ్లు వార్చి కందిపప్పులో వేసుకుంటే మంచి ఆకుకూర. బెంగాల్లో దీన్ని కులేఖారా అంటారు, కట్టలు కట్టి సంతల్లో అమ్ముతారు. రక్తం తక్కువైనవారికి ఆకురసం ఇవ్వడం అక్కడి అలవాటు. ఆకులో ఇనుము ఉన్న మాట నిజమే. అయినా గర్భిణులు డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. ఆయుర్వేదంలో కోకిలాక్ష గింజలంటే ఈ మొక్కవే. నీళ్లలో వేయగానే జిగురు పడతాయి. మొక్క ఎండాక, గోనెసంచి చేతికి చుట్టుకుని కోసి, గింజలు దులుపుకోవాలి.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్పాలి. మెట్టనేలల్లో, రోడ్ల పక్కన బలురక్కసి అని ఇంకో ముళ్లమొక్క ఉంది, నీరుగొబ్బి అనుకుని దాన్ని కోయకండి. దాని ఆకు అంచంతా ముళ్లే, పూలు పసుపు. తుంచితే పసుపుపచ్చని పాలు కారతాయి. అది విషం. 1998లో ఢిల్లీలో దాని గింజల నూనె కలిసిన ఆవనూనె తిని జనం చనిపోయారు. పసుపు పాలు కనబడితే అక్కడే పారేసి చేతులు కడుక్కోండి.

గడ్డిమందు కొట్టిన గట్టున, చేపల చెరువుల మురుగు, ఊరి మురుగు పారే కోడు ఒడ్డున ఆకు కోయకండి. మందు తగలని ఒక మూల ఈ ఏడాదికి వంటింటి కోసం వదిలి, అక్కడి చిగురే కోసుకోండి.