వానాకాలం చదువుతో ఆగిపోవద్దు



గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెల్లో కరువు మూలంగా ఐదుతోనో ఏడుతోనో బడి మానినవారు ఎందరో నేడు తల్లిదండ్రులయ్యారు. బిడ్డ వేమన పద్యానికి అర్థం అడిగితే, "మాది వానాకాలం చదువు నాయనా" అని తప్పుకుంటారు. మీరూ అంతేనా? అయితే ఈ వారం పాఠం మీ కోసమే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మద్రాసులో తెలుగు నేర్చుకుని 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. ఆ తెలుగు కచేరీ పనికి సరిపోయింది. 1824లో ఒక పుస్తకం ద్వారా ఆయనకు వేమన పేరు తెలిసింది. మనకు పొరుగున ఉన్న మైసూరు సీమలో చాలా ఏళ్లు సేవ చేసిన ఫ్రెంచి కతోలిక గురువు అబ్బె దుబ్వా రాసిన గ్రంథమది. బ్రౌన్ వెంటనే వేమన పద్యాల ప్రతులు వెతికించాడు. ఒక ప్రతిలోని మాట మరొక ప్రతిలో లేదు. పండితుల సాయంతో వాటిని పోల్చాడు, తెలియనివి అడిగాడు, పద్యాలకు తన భాషలో అర్థం రాశాడు. 1829లో 693 పద్యాలు ఆంగ్లానువాదంతో అచ్చయ్యాయి. ఏ పరీక్ష కోసమూ కాని ఈ చదువే ఆయన్ని నిఘంటువు దాకా నడిపించింది.

పండితులకు జీతమిచ్చే స్తోమతు మనకు లేదు, నిజమే. కాని వేమన మనవాడు. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది. ఆ పద్యాల్లో చాలా మాటలు మన ఇంటి మాటలే. కనుక ఇలా మొదలుపెట్టండి:

1. వారానికి ఒక్క పద్యం చాలు. పైకి మూడుసార్లు చదవండి.

2. తెలియని మాట కింద గీత గీయండి. ఇంట్లో అవ్వనో, బడిలో అయ్యవారినో అడగండి. అడగడం చిన్నతనం కాదు.

3. పుస్తకం మూసి, అర్థాన్ని మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి. చదివినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. రాయబోతేనే ఎక్కడ తెలియలేదో బయటపడుతుంది.

4. మరునాడు మళ్లీ చదివి, మీరు రాసినదాన్ని దిద్దుకోండి.

శనక్కాయ పనులు ముగిశాక దొరికే సాయంత్రాలు ఇందుకు చాలు. ఇలా అలవాటైన చేయి అర్జీ రాయడానికి వెనకాడదు, చదవని కాగితం మీద వేలిముద్ర వేయదు.

ఇంట్లో చర్చించండి: మన ఇంట్లో ఎవరి చదువు ఎక్కడ ఆగింది? ఈ వారం ఏ పద్యంతో దాన్ని మళ్లీ మొదలుపెడదాం?