ఇత్తడి బూరను చూసి మోసపోకండి

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో పెద్ద ఇత్తడి బూరతో ఉన్న హెచ్‌ఎంవీ గ్రామఫోన్ చూశానండి. వందేళ్ల నాటిదంటున్నారు. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బూర తళతళలాడుతుంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. పాత పోర్టబుల్ పెట్టెల్లోంచి మోటారు ఊడదీసి, కొత్త చెక్కపెట్టెలో బిగించి, పైన కొత్త బూర తగిలించి అమ్మడం మన దేశంలో ఎన్నో ఏళ్లుగా సాగుతున్న వ్యాపారం. ఇలాంటివి విదేశాలకు కూడా వెళ్తుంటాయి. మోటారు పాతదే అంటే అబద్ధం కాదు, తక్కినదంతా నిన్నటిది.

హెచ్‌ఎంవీ కుక్క బొమ్మకు విలువివ్వకండి, ఆ స్టిక్కరు ఎవరైనా అంటించగలరు. పెట్టెకు ఎనిమిది మూలలున్నాయా? నూటికి తొంభై పాళ్లు నకలే. వెనక బూరను మోసే బ్రాకెట్టు మీద వేలు పెట్టి రాయండి. గరుకుగా, పోతపోసిన గుర్తులతో ఉంటే వదిలేయండి. మరలు కూడా చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు 1930లలో గానీ రాలేదు, వందేళ్ల యంత్రంలో వాటికేం పని?

ఇంకో పరీక్ష: రికార్డు పెట్టకుండా సూదిని మధ్య ఇరుసు దగ్గరికి జరపండి. ఇరుసుకు బాగా ఎడంగా పోతే సూదిని మోసే ఆ చెయ్యి వేరే పెట్టెది. అలాంటిది రికార్డు గాళ్లను పాడు చేస్తుంది. నేనూ మొదట్లో ఒకటి కొని మంచి రికార్డు చెడగొట్టుకున్నవాణ్నే.

బూర నచ్చితే అలంకార వస్తువు ధరకే బేరమాడండి.