నిలబడే సంచి కథ



ఈ నెల గోడ పత్రికలో సైన్సు వ్యాసం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. నేను కాగితం సంచులు చేసే యంత్రం గురించి రాస్తున్నాను. ఈ మాట చెప్తే మా రూములో ఇద్దరు ముగ్గురు నవ్వేరు. "సంచిలో ఏముందే రాయడానికి?" అన్నారు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

పొట్లం ఎందుకు పడిపోతుంది?

సంతలో వేరుశనగ గుళ్లు కొంటే కొట్టాయన పాత పేపరు ముక్క తీసుకుని గరాటులా చుట్టి, గుళ్లు పోసి, పైన మడత పెట్టి ఇస్తాడు. అదే పొట్లం. దాన్ని బల్ల మీద నిలబెట్టి చూడండి. నిలబడదు, పడిపోతుంది. ఎందుకంటే దాని అడుగు మొన దేరి ఉంటుంది. వస్తువు నిలబడాలంటే దాని గురుత్వ కేంద్రం నుంచి కిందికి గీసిన గీత అడుగు లోపలే పడాలి అని మనం చదువుకున్నాం. మొనకి అడుగే లేదు కదా! అందుకే పొట్లంలో సరుకు పోయాలంటే ఒక చెయ్యి దాన్ని పట్టుకునే ఉండాలి. పోయడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది.

అడుగు చదునుగా ఉండి సంచి తనంతట తానే నిలబడితే? రెండు చేతులూ ఖాళీ. ఒక చెయ్యి కలిసొస్తే రోజంతా పని చేసేవాళ్లకి అది ఎంత లాభమో మన ఇళ్లల్లో అమ్మలకి తెలుసు.

మనకి కట్టడం, చుట్టడం కొత్త కాదు. తునికాకు 50 ఆకులు లెక్కపెట్టి కట్ట కడతాం. అడ్డాకుతో విస్తరి కుడతాం, దొప్ప చేస్తాం. వెదురుతో బుట్ట అల్లుతాం. ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు మోస్తాం. ఇవన్నీ చేత్తో చేసే పనులు. చేత్తో చేసే ఇలాంటి పనిని యంత్రానికి ఎలా నేర్పారన్నదే ఈ కథ.

మొదటి యంత్రం

కాగితం సంచులు చేసే యంత్రాన్ని 1852లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బెత్లెహేమ్ అనే ఊళ్లో ఫ్రాన్సిస్ వోలీ అనే ఆయన కనిపెట్టేడు. ఆయన బడిపంతులు. అయితే ఆ యంత్రం చేసిన సంచి పోస్టు కవరులాగ ఉండేది. బల్లపరుపుగా పడుకోవడమే గాని నిలబడేది కాదు. చదును అడుగు సంచులు కావాలంటే మనుషులు ఒక్కొక్కటీ చేత్తో మడిచి అంటించేవారు. అందువల్ల వాటి ఖరీదు ఎక్కువ, దొరకడం తక్కువ.

మార్గరెట్ నైట్

ఈ చిక్కు విడగొట్టింది ఒక ఆడపిల్ల. పేరు మార్గరెట్ నైట్. 1838 ఫిబ్రవరి 14న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, యార్క్‌లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి చనిపోయాడు. కుటుంబం మాంచెస్టర్ అనే మిల్లుల ఊరికి వెళ్లిపోయింది. (ఇది ఇంగ్లండులో ఉన్న మాంచెస్టర్ కాదు, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోది.) బొమ్మలతో ఆడుకోవడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. చాకు, చెక్కముక్కలు దొరికితే చాలు. అన్నదమ్ములకి గాలిపటాలు, మంచు మీద జారే బళ్లు తనే చేసిచ్చేది.

చదువు తొందరగా ఆగిపోయింది. పన్నెండేళ్ల వయసుకే బట్టల మిల్లులో పని. మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెడుతుంది కదా, ఆ నాడె చివర ఇనుప మొన ఉంటుంది. ఒకరోజు ఆ నాడె మగ్గంలోంచి ఎగిరొచ్చి పనివాళ్లలో ఒకరికి గుచ్చుకోవడం మార్గరెట్ కళ్లారా చూసింది. అలా జరగకుండా ఒక ఏర్పాటు కనిపెట్టింది. మనలాంటి వయసులో! కాని దానికి పేటెంటు తీసుకోలేదు.

పేటెంటు అంటే ఏమిటంటే, "ఈ కొత్త వస్తువును కనిపెట్టింది వీరు, కొన్నేళ్ల వరకు వీరి అనుమతి లేకుండా వేరేవాళ్లు దీన్ని చేసి అమ్మకూడదు" అని ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రం. భూమికి పట్టా ఎలాగో ఆలోచనకి పేటెంటు అలాగ.

1867లో ఆమె మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో కొలంబియా పేపర్ బ్యాగ్ కంపెనీలో పనికి చేరింది. అక్కడ చదును అడుగు సంచులు చేత్తో మడవడం చూసి, "ఈ మడతలు యంత్రం ఎందుకు పెట్టలేదు?" అని ఆలోచన మొదలుపెట్టింది. ఇంజనీరింగు చదవలేదు. ఎక్కువ బడే చదవలేదు. పగలు పని, మిగిలిన వేళ బొమ్మలు గీయడం, కాగితం మడిచి చూడడం. 1868లో చెక్కతో యంత్రం తయారుచేసింది. అది సంచులు చేసింది.

ఆ యంత్రం పని చేసే విధానం

కష్టమంతా అడుగు దగ్గరే ఉంది. వరుసగా చెబుతాను.

1. పెద్ద చుట్ట నుంచి కాగితం ఆగకుండా వస్తుంది.

2. ఒక రేకు చుట్టూ తిరిగి రెండు అంచులూ కలుస్తాయి. అక్కడ జిగురు పడుతుంది. ఇప్పుడది వెదురు బొంగులా గొట్టం అయింది, కాని అణిగి ఉన్న గొట్టం.

3. కావలసిన పొడవు దగ్గర తెగుతుంది.

4. తెగిన చివర నోరు తెరుచుకుని వెనక్కి మడత పడుతుంది. ఇది మొదటి మడత. ఇక్కడ మూలలు లోపలికి అణిగి ముగ్గులో పలకలాంటి ఆకారం వస్తుంది.

5. ఆ పలకలో ఒక అంచు మధ్యకి మడుస్తారు, ఇది రెండో మడత. జిగురు రాసి ఎదుటి అంచు దాని మీదికి మడుస్తారు, ఇది మూడో మడత. అడుగు మూసుకుంది.

ఇదంతా మనిషి వేళ్లు చేసే పని. వేళ్ల బదులు రేకులు, రోలర్లు, పళ్ల చక్రాలు ఒకదాని తరువాత ఒకటి సరిగ్గా వేళకి కదలాలి. ఒక్కటి ముందు కదిలితే కాగితం చిరుగుతుంది, వెనక కదిలితే ముడతపడుతుంది. కదలికలను ఇలా వేళకి కుదర్చడమే మెకానికల్ ఇంజనీరింగులో అసలు పని అని మా సైన్సు మేడం గారు చెప్పేరు.

ఇది చదివేటప్పుడు నాకు దొప్ప గుర్తొచ్చింది. దొప్ప చేసేటప్పుడు ఆకుని కొయ్యం. అంచులు పైకి లేపి, మూలలు మడిచి, పుల్ల గుచ్చుతాం. బల్లపరుపు ఆకుకి అడుగూ గోడలూ వస్తాయి, చారు పోస్తే నిలుస్తుంది. సంచి అడుగులో ఉన్న తెలివీ అదే. ఒకటి కాగితం, ఒకటి ఆకు, అంతే తేడా.

ఇది నాదే అన్నవాడు

చెక్క యంత్రం చాలదు, పేటెంటుకి ఇనుప నమూనా కావాలని ఆమె బోస్టన్ నగరంలో చేయించింది. అది తయారయ్యే చోట చార్లెస్ అనాన్ అనే అతను చూసేడు. చూసి, ఆ యంత్రం తనదేనని పేటెంటు తీసుకున్నాడు. మార్గరెట్ దరఖాస్తు పెట్టేసరికి "ఇది ఇదివరకే ఒకరి పేరు మీద ఉంది" అన్నారు.

ఆమె ఊరుకోలేదు. పేటెంటు ఆఫీసులో కేసు వేసింది. ఆడమనిషికి ఇంత చిక్కు యంత్రం ఎక్కడ అర్థమవుతుంది అని అతను వాదించాడని చాలామంది రాస్తారు. మార్గరెట్ మాటలతో కొట్లాడలేదు. తను గీసిన బొమ్మలు, రాసుకున్న పుస్తకాలు, చేసిన నమూనాలు తెచ్చి చూపించింది. తను పని చేస్తుండగా చూసినవాళ్లని సాక్షులుగా తెచ్చింది. గెలిచింది. 1871 జూలై 11న ఆమెకి 1,16,842 నంబరు పేటెంటు ఇచ్చారు. అప్పటికి ఆమెకి 33 సంవత్సరాలు.

తరువాత బూట్ల అట్టలు కోసే యంత్రాలు, కిటికీ చట్రం, ఇంజన్లు ఇలా ఎన్నో చేసింది. మొత్తం ఇరవైకి పైగా పేటెంట్లు. సంచి యంత్రాన్ని బాగుచేసి 1879లో మళ్లీ ఒక పేటెంటు తీసుకుంది. ఆ నమూనా ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1914 అక్టోబరు 12న ఆమె చనిపోయింది. 2006లో ఆ దేశపు ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆమె పేరు చేర్చారు.

మన తెలుగువారిలో

ఇలాంటివాళ్లు అమెరికాలోనే ఉంటారనుకోకండి. చింతకింది మల్లేశం గారి పేరు వినే ఉంటారు. తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. వాళ్లది చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరకి నేతకి ముందు ఆసు పోయాలి. అంటే కొయ్యల చుట్టూ నూలు చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. అది చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. ఆయన కూడా చిన్నప్పుడే బడి మానేసినవారే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఈమెది కాగితం మడత, ఆయనది నూలు చుట్టు. ఇద్దరూ ఎదురుగా కనబడే చేతుల కష్టం నుంచే మొదలుపెట్టేరు.

నా సంగతి

ఇక్కడ నా సంగతి కొంచెం రాస్తాను. మా అమ్మ విస్తళ్లు కుడుతుంది. పుల్లలు గుచ్చి గుచ్చి ఆమె బొటనవేలు కాయ కాసింది. నిరుడు నేను రెండు స్టీలు గిన్నెలు, వెదురు బద్ద పెట్టి, తడి ఆకుని నొక్కి దొప్ప ఆకారం తెచ్చే మోడల్ చేసేను. వెదురు బద్ద లివరు. మొదట ఆకు ఈనె దగ్గర చీలిపోయేది. ఆకుని నీళ్లలో నానబెట్టేక చీలడం తగ్గింది. దాన్ని ఒక చోట సైన్సు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లేను. చూడ్డానికొచ్చిన ఒక సారు, "ఎవరు చేసిచ్చేరమ్మా?" అని అడిగేరు. "నేనేనండి" అన్నాను. ఆయన నవ్వి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయేరు.

ఆ రాత్రి చాలా ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, నా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు. ఎన్ని ఆకులు చీలిపోయాయో, ఏ రోజు నానబెట్టి చూసేనో, ఏదీ రాయలేదు. మార్గరెట్ దగ్గర ఉన్నవి, నా దగ్గర లేనివి ఆ పుస్తకాలే.

మా అమ్మ విస్తరి మధ్యలో ఆకులు కలిసే చోట అడుగున ఇంకో చిన్న ఆకు పెట్టి కుడుతుంది. దాంతో చారు కారదు. అది ఆమె సొంత ఆలోచన. ఇప్పుడు మా వీధిలో అందరూ అలాగే కుడుతున్నారు. అమ్మకి రాయడం రాదు కనక అది ఎక్కడా రాసి లేదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని బొమ్మ గీసుకున్నాను. తేదీ వేసి, కింద అమ్మ పేరు రాసేను. "నా పేరు ఎందుకే దాంట్లో?" అని అమ్మ సిగ్గు పడింది. తరువాత, "ఏదీ, ఎక్కడుంది నా పేరు? చూపించు" అంది. వేలు పెట్టి చూపించాను.

చేసి చూడండి

పాత పేపరు ఒక పేజీ తీసుకోండి. పొడుగు వైపు అడ్డంగా పెట్టండి. కుడి ఎడమ అంచులు మధ్యకి మడిచి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి, మైదా జిగురుతో గాని అన్నం మెతుకులతో గాని అంటించండి. గొట్టం అయింది. అడుగున నాలుగు వేళ్ల వెడల్పు పైకి మడవండి. ఆ మడత నోరు తెరిచి పై పొరని మీ వైపు లాగండి. రెండు మూలలు త్రికోణాల్లా అణిగిపోతాయి. ఇప్పుడు కింది అంచు మధ్య గీత దాటేలా మడవండి. పై అంచు దాని మీదికి మడిచి అంటించండి. ఆరేక లోపల చెయ్యి పెట్టి తెరవండి. నిలబడుతుంది!

మీకు తెలుసా?

1. పాల పేకెట్టు చేసే యంత్రం కూడా ఇదే దారి. చుట్ట నుంచి ప్లాస్టిక్ పొర గొట్టంగా మారుతుంది, అడుగు అతుకుతుంది, పాలు పడతాయి, పైన అతికి తెగుతుంది. జిగురు బదులు వేడి. ప్లాస్టిక్ వేడికి కరిగి తనకు తానే అంటుకుంటుంది.

2. మన దేశంలో 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, స్పూన్లు నిషేధించారు. కనుక కాగితం సంచికి, మన అడ్డాకు విస్తరికి మళ్లీ పని ఉంది.

ప్రశ్నలు

1. పొట్లం ఎందుకు నిలబడదు?
2. మార్గరెట్ నైట్ కేసు ఎలా గెలిచింది?
3. మీ ఇంట్లో ఎవరైనా సొంతంగా మార్చిన పని పద్ధతి ఒకటి రాయండి. బొమ్మ గీయండి. తేదీ వేయండి. కనిపెట్టినవారి పేరు రాయండి.

మూడో ప్రశ్న జవాబులు వార్డెన్ మేడం గారి టేబుల్ దగ్గర పెట్టిన సంచిలో వేయండి. ఆ సంచి నేను చేసిందే. వచ్చే నెల గోడ పత్రికలో వాటిని అంటిస్తాము.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల, పోలవరం