ఆముదం, సునాముఖి, త్రిఫల: ఎవరికి, ఎప్పుడు?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి బోయిన్‌పల్లి, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలామటుకు ఒకే విషయం మీద ఉన్నాయి: కడుపు శుభ్రం కావడానికి వాడే మూలికలు. అందుకని ఈ శీర్షిక మొత్తం వాటికే.

*

ప్రశ్న: మాకు ఆరేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. మా అత్తగారు నెలకోసారి ఆదివారం పొద్దున్నే ఇద్దరికీ ఆముదం పట్టాలంటారు. తన పిల్లల్ని అలాగే పెంచానంటారు. సీసా చూడగానే పాప ఏడుపు మొదలుపెడుతుంది. పట్టాలా, మానాలా? ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పను?
- ఒక తల్లి, ఓల్డ్ బోయిన్‌పల్లి

జవాబు: మానెయ్యండమ్మా. పిల్లలకు విరేచనం మామూలుగా అవుతుంటే నెలనెలా పేగులు కడగాల్సిన పని లేదు.

అలాగని మీ అత్తగారిని తప్పు పట్టకండి. వెనకటి తరంలో తెలుగిళ్లలో ఇది మామూలే. తెల్లారకముందే పిల్లల్ని లేపి, వేడి కాఫీలోనో పాలల్లోనో ఆముదం కలిపి, ముక్కు మూసి గటగటా తాగించి, వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టేవారు. ఆ పూటంతా పెరట్లోకీ ఇంట్లోకీ తిరగడమే సరిపోయేది. మధ్యాహ్నం మిరియాల చారుతో మెత్తటి అన్నం పెట్టి పడుకోబెట్టేవారు. ఆ రోజుల్లో పిల్లల కడుపులో నులిపురుగులు, ఏలికపాములు సర్వసాధారణం. తల్లుల చేతిలో వేరే మందు లేదు. ఆముదంతో పురుగులు పడిపోతాయని నమ్మారు, పిల్లల మంచి కోరే పట్టారు.

కానీ ఆముదం పురుగుల్ని చంపదు. చిన్న పేగులో అది విడిపోయి రిసినోలిక్ ఆమ్లం బయటికొస్తుంది. అది పేగు కండరాలను గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది. రెండు నుంచి ఆరు గంటల్లో విరేచనాలు మొదలవుతాయి. మలంతోపాటు ఒంట్లో నీరు, లవణాలు కూడా పోతాయి. పెద్దవాళ్లు ఓ పూట నీరసపడి లేస్తారు. ఇరవై కిలోల పిల్లవాడు అలా తట్టుకోలేడు, ముఖ్యంగా ఎండాకాలంలో.

పురుగుల భయమే అయితే దానికి సరైన మందు ఆల్బెండజోల్. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల లోపు వాళ్లకు ఉచితంగా ఇస్తున్నారు. ఫిబ్రవరి 10న ఇస్తారు, చాలా రాష్ట్రాల్లో ఆగస్టులో మరోసారి. మీ పిల్లల వయసుకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. నమిలి మింగాలి. “అత్తయ్యా, పురుగుల మందు బళ్లో వేశారట” అని చెప్పండి. ఆవిడ ఆదుర్దా దాని గురించే కాబట్టి ఆ మాటతో కుదుటపడతారు. తలకు, కాళ్లకు ఆముదం రాసే పని ఆవిడకే అప్పజెప్పండి. దాన్ని ఎవరూ కాదనరు.

ఆముదం గింజల గురించి కూడా ఓ మాట. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండించే పంట ఇది, ఊరి నుంచి గింజలు తెచ్చుకునే ఇళ్లు నగరంలో ఇంకా ఉన్నాయి. గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వేయించి, దంచి, నీళ్లలో మరగబెట్టి తీసే వంటాముదంలోకి అది రాదు. పచ్చి గింజ నమిలితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. చుక్కలు చుక్కలుగా అందంగా ఉంటాయి కాబట్టి పిల్లలు ఆడుకోవడానికి తీస్తారు. అందనివ్వకండి. ఇక దీపానికీ జుట్టుకీ అమ్మే ఆముదం ఎవరూ తాగేది కాదు.

*

ప్రశ్న: కూరగాయల మార్కెట్లో హమాలీ పని చేస్తాను. అర్ధరాత్రి దాటాక లారీలు దిగుతాయి, పొద్దెక్కేదాకా తీరిక ఉండదు. మలబద్ధకం చాలా ఏళ్లుగా ఉంది. మోండా మార్కెట్లో సునాముఖి ఆకు పొడి కొనుక్కుని రోజూ పడుకునే ముందు వేసుకుంటున్నాను. మొదట్లో చిటికెడు చాలేది. ఇప్పుడు రెండు చెంచాలు వేసినా సరిగా కావడం లేదు, కాళ్లు పీకుతున్నాయి. ఇంకా ఘాటు మందు ఏదైనా చెప్పండి.
- ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి

జవాబు: ఘాటు మందు చెప్పను. మీరు వాడుతున్నదే మీ అవసరాన్ని మించిపోయింది.

సునాముఖి మంచి మూలికే, మనవాళ్లు నేలతంగేడు అనేది దీన్నే. తిరునల్వేలి వైపు పండి ప్రపంచమంతా వెళుతుంది, ఇంగ్లీషు మందుల షాపుల్లో దొరికే విరేచన మాత్రల్లో కొన్నింటిలో ఉండేదీ ఇదే. ఇందులోని సెన్నోసైడ్లు అరగకుండా పెద్ద పేగు దాకా వెళతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని మార్చాకే పని మొదలవుతుంది. అందుకే రాత్రి వేసుకుంటే ఆరు నుంచి పన్నెండు గంటలకు, అంటే తెల్లారేసరికి, కడుపులో మెలిపెట్టి విరేచనం అవుతుంది. ఎప్పుడో ఓసారి, మహా అయితే వరసగా వారం రోజులు వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి రోజూ వాడే మందు కాదు. పేగు లోపలి పొర నల్లబడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో ఆ నలుపు పోతుంది కాబట్టి దానికి కంగారు పడక్కర్లేదు. నన్ను కంగారు పెట్టింది మీ కాళ్ల పీకుడు. రోజూ పల్చగా విరేచనమైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. కండరాలు నీరసిస్తాయి, మరీ తగ్గితే గుండె కొట్టుకునే తీరు మారుతుంది. మూటలు మోసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఈ వారంలోనే రక్తంలో పొటాషియం, క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే రేపే వెళ్లండి.

సునాముఖి ఒక్కసారిగా ఆపొద్దు. పూర్తిగా బిగుసుకుపోయి మళ్లీ పొడి డబ్బా దగ్గరికే వెళతారు. రెండు చెంచాలను ఒకటి చేయండి. వారం తర్వాత అర, ఆ తర్వాత రోజు విడిచి రోజు. దాంతోపాటే ఇసబ్‌గోల్ మొదలుపెట్టండి. రాత్రి ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. వేరే మాత్రలు ఉంటే రెండు గంటల ఎడం ఇవ్వండి. ఇది తిన్న మర్నాడే ఫలితం చూపదు, రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులు ఓపిక పట్టలేకే చాలామంది ఇది పనిచేయదని వదిలేస్తారు.

అసలు చిక్కు మీ పనివేళల్లో ఉంది. లోడు దిగుతున్నప్పుడు కడుపు పిలిస్తే మీరు ఆపుకుంటారు. ఇంకో లారీ, ఇంకో గంట. అలా రోజూ ఆపుకుంటే పేగు పిలవడం తగ్గిస్తుంది, లోపల నిలిచిన మలంలోని నీరు ఇంకిపోయి రాయిలా గట్టిపడుతుంది. చరక సంహితలో సూత్రస్థానం ఏడో అధ్యాయం దీని గురించే చెబుతుంది. ఆపుకోకూడని పదమూడు వేగాల్లో మల వేగాన్ని మూత్రం పక్కనే చేర్చారు. ఏదైనా తిన్నాక పెద్ద పేగు కదలడం ఒంటికి సహజం. పనిలోకి దిగేముందు గోరువెచ్చటి నీళ్లు తాగి, రెండు ఇడ్లీలో రొట్టెముక్కో తిని, కావాలనిపించినా లేకపోయినా పది నిమిషాలు కూర్చోండి. రోజూ అదే వేళకు. ముక్కొద్దు. రెండు మూడు వారాల్లో వేళ కుదురుతుంది. రాత్రంతా టీల మీదే నడపకుండా పక్కన నీళ్ల సీసా పెట్టుకోండి.

తిండి విషయంలో మీకంటే అదృష్టవంతుడు ఎవరు? మిగిలిన కూరగాయల చెత్తతోనే రోజుకు పది టన్నుల దాకా ప్లాంటుకు మేత వేసి కరెంటు తీస్తున్న మార్కెట్ మీది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటోంది. ఇంటికి వెళ్లేటప్పుడు ఓ తోటకూర కట్ట, చిక్కుడుకాయలు, గింజలతో సహా తినేందుకు రెండు జామకాయలు పట్టుకెళ్లండి. బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి చేయించుకోండి. ఇదంతా చేసినా నెలలో తేడా లేకపోతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి మీకు దగ్గరే. వాడుతున్న పొడి కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.

*

ప్రశ్న: ఫోన్లో ప్రకటన చూసి పదిహేను రోజుల ‘పేగుల శుద్ధి’ పొడి తెప్పించాను. ఏళ్ల తరబడి పేగులకు అంటుకున్న కిలోలకొద్దీ మలాన్ని ఊడదీస్తుందట. నిజంగానే తాడులాంటివి పడ్డాయి, రెండు కిలోలు తగ్గాను. నెలనెలా వాడొచ్చా?
- ఒక ఉద్యోగి, న్యూ బోయిన్‌పల్లి

జవాబు: పేగుల గోడకు ఏళ్లనాటి మలం అంటుకుని ఉండదు. ఆ గోడ పైపొర మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. మీరు చూసిన తాళ్లు చాలావరకు ఆ పొడిలోంచే వచ్చి ఉంటాయి. ఇసబ్‌గోల్ లాంటి జిగురు పదార్థాలు, కొన్నిటిలో కలిపే బంకమట్టి నీళ్లు పీల్చుకుని పేగు ఆకారంలో సాగి అలా పడతాయి. తగ్గిన రెండు కిలోలు నీరు. నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది.

ఇలాంటి ప్రకటనలు ఆయుర్వేదం పేరు చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పంచకర్మలో విరేచనం ఒక చికిత్స. ముందు కొన్ని రోజులు ఔషధ ఘృతం తాగించి, చెమట పట్టించి, మనిషి బలం, వ్యాధి చూసి, అప్పుడు ఒక రోజు విరేచనం ఇస్తారు. తర్వాత జావతో మొదలుపెట్టి మెల్లగా మామూలు తిండికి తెస్తారు. అంత జాగ్రత్తగా చేసేదాన్ని డబ్బాలో పోసి అందరికీ ఒకే కొలతలో అమ్మడం శాస్త్రం కాదు.

డబ్బా మీద లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, పదార్థాల పేర్లు, వాటి మోతాదులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే పారేయండి. ‘జయపాల’ అని ఉంటే అది నేపాళం. శుద్ధి చేశాక వైద్యుడి చేతి మీదుగా మాత్రమే వాడాల్సిన ఘోరమైన భేదిమందు. శుద్ధి చేయని గింజ విషమే.

అప్పుడప్పుడు కడుపు బరువుగా ఉందనిపిస్తే త్రిఫల చూర్ణం చాలు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమానంగా కలిపింది, చెంచాడు, రాత్రి గోరువెచ్చటి నీళ్లతో. పల్చగా అవుతుంటే తగ్గించాలి. షుగర్ మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. వీడియోలు చూసి లీటర్లకొద్దీ ఉప్పునీళ్లు తాగే శంఖ ప్రక్షాళన జోలికి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు అసలే వెళ్లొద్దు.

*

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. ఎప్పుడూ లేనిది రెండు నెలలుగా మలబద్ధకం, మధ్యలో ఒక్కోసారి విరేచనాలు. అప్పుడప్పుడు రక్తం కనబడుతోంది. మొలలే అనుకుని త్రిఫల, కరక్కాయ వాడుతున్నాను. ఎన్నాళ్లు వాడాలి?
- విశ్రాంత ఉద్యోగి, హస్మత్‌పేట

జవాబు: అయ్యా, ఇది చదివాక మూలికలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గాంధీ ఆసుపత్రి అయినా సరే, మీకు తెలిసిన సర్జన్ అయినా సరే. మొలలే కావచ్చు. కానీ ఈ వయసులో మల విసర్జన తీరు కొత్తగా మారి, రక్తం పడుతుంటే పెద్ద పేగును కెమెరాతో చూసేదాకా ఎవరూ మొలలని తేల్చకూడదు. పెద్ద పేగు క్యాన్సర్ ఇలాగే మొదలవుతుంది, తొందరగా దొరికితే ఆపరేషన్‌తో నయమవుతుంది. బరువు తగ్గారా, ఆయాసం వస్తోందా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్నవి డాక్టరుకు చెప్పండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, వాటితో మలం నల్లబడుతుంది, బిగుస్తుంది. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక, వాంతులైతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు విరేచనానికి ఏ మందూ వేసుకోకూడదు.

*

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదో నెల. ఆముదం తాగితే కాన్పు సులువవుతుందని పక్కింటావిడ అంటోంది. ఇవ్వచ్చా?
- ఒక అమ్మ, తాడ్‌బండ్

జవాబు: ఇవ్వొద్దు. పక్కింటావిడ మాటలో కొంత నిజముంది, ప్రమాదమూ అందులోనే ఉంది. ఆముదం పేగును కదిలించే దారి, గర్భసంచిని ముడిచే దారి ఒకటేనని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల మీద తేల్చారు. నొప్పులు ఎప్పుడు, ఎంత గట్టిగా వస్తాయో మన చేతిలో ఉండదు. తల్లికి విరేచనాలు, వాంతులతో నీరసం. బిడ్డ లోపలే మలవిసర్జన చేస్తే ఇంకో ప్రమాదం. గడువు దాటితే ఏం చేయాలో ఆసుపత్రిలో చూసుకుంటారు. మలబద్ధకమైతే నీళ్లు, పండ్లు, డాక్టరు ఒప్పుకుంటే ఇసబ్‌గోల్. సునాముఖి, కలబంద పసరు, నేపాళం దగ్గరికి రానివ్వకండి.

*

ప్రశ్న: మా వీధిలో రేల చెట్టు ఉంది. దాని కాయ గుజ్జు సుఖ విరేచనానికి మంచిదని విన్నాం. ఇంట్లో చేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, చిన్నతోకట్ట

జవాబు: విన్నది నిజమే. రేలను ఆయుర్వేదంలో ఆరగ్వధం అంటారు, మృదువుగా విరేచనం చేయించే మందుల్లో దానికి పెద్దపీట. మూరెడు పొడుగు నల్లటి కాయను పగలగొడితే లోపల అరలు అరలుగా అడ్డగోడలు, వాటికి అంటుకుని జిగటగా నల్లటి గుజ్జు ఉంటుంది. మందు ఆ గుజ్జే. అయితే కాయకూ కాయకూ గుజ్జు బలం మారుతుంది. రోడ్డు పక్క రాలి, పురుగు పట్టి, బూజు పట్టిన కాయ అసలే పనికిరాదు. ఆరగ్వధంతో చేసిన లేహ్యాలు ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి, వైద్యుడు చెప్పిన మోతాదులో అవి వాడుకోండి. కాయలోని గింజలు, చెట్టు ఆకులు నోట్లో పెట్టుకోవద్దని వీధిలో ఆడుకునే పిల్లలకు చెప్పండి.